పాలు పొంగించాకే పాలిష్

అమ్మాయిలూ, ఈసారి వంటింటి కబుర్లు పక్కన పెట్టి కాళ్ళ కింది కబుర్లు చెప్పుకుందాం. బడులకి సెలవులిచ్చే కాలం వస్తోందంటే అమెరికాలో మన తెలుగువాళ్ళు ఇళ్ళు మారే కాలం వచ్చిందన్నమాటే. న్యూజెర్సీలోనో ఒహాయోలోనో షికాగో చుట్టుపక్కలో పాత ఇల్లు కొనుక్కున్న చెల్లెలు ఎవరు ఫోన్ చేసినా మొదటి మాట ఒకటే: "అక్కా, కార్పెట్ లేపితే కింద చెక్క నేల ఉందే!" రెండో మాటా ఒకటే: "గృహప్రవేశం వచ్చే ఆదివారం కాక పై ఆదివారం. ఈలోగా పాలిష్ చేయించేస్తే మెరిసే నేల మీద పాలు పొంగించుకోవచ్చు కదా?"

వద్దు తల్లీ. ముందు పాలు పొంగించు, తరవాత పాలిష్ చేయించు. ఎందుకో చెప్తాను, కాఫీ కలుపుకుని వచ్చి కూర్చోండి.

మన కాళ్ళకి రాయి అలవాటు. తాండూరు బండలు, షాబాదు బండలు, కడప నల్లరాళ్ళు, ఆ తరవాత మొజాయిక్, ఇప్పుడు టైల్స్. ఇవేవీ నీళ్ళకి భయపడేవి కావు. పండగొచ్చిందంటే బకెట్లతో నీళ్ళు గుమ్మరించి, కొబ్బరి చీపురుతో బరబరా కడిగి, ఆ నీళ్ళు తూము దాకా తోస్తేగానీ ఇల్లు శుభ్రమైందని మనసొప్పదు. మన ఇళ్ళల్లో కాలికి తగిలే చెక్క ఏదైనా ఉందంటే అది గడపే, దానికీ శుక్రవారం పసుపు రాసి బొట్లు పెట్టడమే తెలుసు. ఆ చేతులతోనే ఇక్కడి ఓక్ నేల దగ్గరికి వెళ్తాం. అక్కడొస్తుంది చిక్కు.

అసలు మీ కాళ్ళ కింద ఉన్నది చెక్కేనా, ముందు అది తేల్చుకోండి. హీటరు గాలి పైకొచ్చే జాలీ నేలలోనే ఉంటుంది చూడండి, దాన్ని ఊడదీసి ఆ కంత అంచు మీద టార్చి వేయండి. పైనుంచి కిందదాకా ఒకే చెక్క, ముప్పావు అంగుళం మందాన కనిపిస్తే అది నిఖార్సైన చెక్క. పైన పలచని పొర, కింద ప్లైవుడ్ మడతలు కనిపిస్తే ఇంజనీర్డ్ వుడ్, పైపొర ఎంత మందం ఉంటే అంత బతుకు. చెక్క బొమ్మ అచ్చేసిన కాగితం, దాని కింద నొక్కిన పొట్టు కనిపిస్తే లామినేట్. దానికి పాలిష్ అనేదే లేదు, పేజీ తిప్పేయండి.

నిఖార్సైన చెక్క అయినా ముప్పావు అంగుళమంతా మనది కాదు. పలకకీ పలకకీ గాడీ, నాలుకా కలిపి బిగిస్తారు కదా, ఆ గాడికి పైన ఉండే పావు అంగుళమే అరగదీయడానికి పనికొస్తుంది. ఒకసారి మిషను పెట్టి రుద్దితే మిల్లీమీటరుకి కాస్త తక్కువ పోతుంది. అందుకే "ఎందుకైనా మంచిది, మొత్తం గీకించేద్దాం" అనే వాళ్ళంటే నాకు చిరాకు. పాతికేళ్ళకో ముప్పయ్యేళ్ళకో ఒకసారి చేయాల్సిన పని అది, ఉగాదికి వెల్ల వేసినట్టు ఏటా చేసేది కాదు.

టేకంటే గొప్ప చెక్క లేదనే నమ్మకంతో పెరిగాం. గట్టిదనం మాట వేరు. నేల చెక్కల గట్టిదనాన్ని జంకా అని ఒక కొలతతో చెప్తారు. 0.444 అంగుళాల ఉక్కు గోళీని సగం దాకా చెక్కలోకి నొక్కడానికి ఎంత బలం కావాలో అది. అమెరికా ఇళ్ళల్లో పరిచే ఎర్ర ఓక్‌కి 1290, తెల్ల ఓక్‌కి 1360, మన టేకుకి వెయ్యి, కాస్త అటూ ఇటూ. టేకు గొప్ప ఒంట్లో ఉన్న నూనెలో ఉంది. చెదా తడీ అంత తొందరగా దాని జోలికి రావు. ఓక్ అలా కాదు, మనిషి గట్టిదేగానీ నీళ్ళు పడితే తాగేస్తుంది. ఆ నీళ్ళని ఆపేది పైనున్న పూత ఒక్కటే.

ఆ పూత ఉందో పోయిందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. మనుషులు ఎక్కువ తిరిగే చోట, గుమ్మం దగ్గర, సింకు ముందు, ఒక్కో నీటిచుక్క వేసి కాసేపు చూడండి. చుక్క ముత్యంలా అలాగే నిలబడితే పూత బతికే ఉంది. మెల్లగా ఇంకి, ఆ చోటు నల్లబడితే పూత పోయింది. చుక్క నిలబడిన ఇంట్లో పెద్ద మిషన్లతో పనే లేదు. పాత పూతనే పైపైన బరక చేసి, దాని మీద కొత్త కోటు ఒకటి వేయిస్తే చాలు. ఖర్చు చాలా తగ్గుతుంది, ఇల్లంతా ధూళి అవదు. దీన్ని ఇక్కడ స్క్రీన్ అండ్ రీకోట్ అంటారు. కాంట్రాక్టరుతో మాట్లాడేటప్పుడు ఈ మాట మీరే అనండి, అతనంతట అతను ముందు చెప్పకపోవచ్చు.

అయితే కొత్త పూత పాతదాన్ని పట్టుకోవాలి కదా. పాతది ఏమిటో తెలియకుండా దాని మీద ఏదీ వేయకూడదు. ఇరవయ్యో శతాబ్దం సగం దాకా కట్టిన ఇళ్ళల్లో షెల్లాక్, దాని మీద మైనం వేసిన నేలలు ఇప్పటికీ దొరుకుతాయి. బీరువా వెనకో అల్మారా లోపలో, ఎవరికీ కనిపించని మూల, దూదితో కాస్త స్పిరిట్ అద్దండి. ఆ చోటు కరిగి జిగురు జిగురుగా వేలికి అంటుకుంటే అది షెల్లాక్. మినరల్ స్పిరిట్స్‌లో తడిపిన తెల్లగుడ్డతో రుద్దితే గుడ్డకి పసుపో గోధుమో రంగు జిడ్డు వస్తే అది మైనం. ఈ రెండింటిలో ఏది ఉన్నా పైన ఈ కాలపు పూత పాలియురిథేన్ నిలవదు, పెచ్చులూడుతుంది. అలాంటప్పుడు మాత్రం రుద్ది తీసేయాల్సిందే.

షెల్లాక్ అంటే ఏమనుకున్నారు? మన లక్కే. మోదుగ చెట్ల మీద, రేగు చెట్ల మీద చిన్న పురుగులు బతుకుతూ కొమ్మల చుట్టూ కట్టుకునే గూటి జిగురు. దాన్ని గీకి, కరిగించి, వడకట్టి, రేకుల్లా సాగదీస్తే షెల్లాక్. జార్ఖండ్ అడవుల్లో దీని సేకరణ పెద్ద జీవనాధారం. రాంచీ పక్కన నామ్‌కుమ్‌లో దీని మీద పరిశోధన చేసే సంస్థ 1924లోనే పెట్టారు. పాత గ్రామఫోను రికార్డులు చేసిందీ దీంతోనే. చిన్నప్పుడు మనం ఆడుకున్న లక్కపిడతలు గుర్తున్నాయా? ఏటికొప్పాకలో అంకుడు కర్రని తరిణి పట్టి, అది తిరుగుతుండగానే రంగు లక్క కడ్డీని అదిమి పెడితే ఆ వేడికి కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఆ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎక్కడో ఒహాయోలో కార్పెట్ కింద కనిపించే పాత నేల మీద మన దేశపు పురుగు కట్టిన లక్క ఉండటం నాకైతే భలే సరదాగా ఉంటుంది. సరదా సరే, లక్క వేడికీ తడికీ స్పిరిట్‌కీ ఆగదు. వేడి టీ గ్లాసు పెడితే తెల్లటి మచ్చ పడుతుంది. నిప్పు సంగతి వారణావతంలో పాండవులనడగండి.

ఇప్పుడు ముహూర్తం దగ్గరికి వద్దాం.

గృహప్రవేశం రోజున మనింట్లో జరిగేదేమిటో ఒక్కసారి తలుచుకోండి. గడపకి పసుపు, కుంకుమ. గుమ్మంలో గుమ్మడికాయ పగలగొట్టడం. వాస్తు హోమానికి ఇటుకలు, ఇసుక, నెయ్యి, సమిధలు. వ్రతానికి పీటలు, కలశం, కొబ్బరికాయ నీళ్ళు, నేల మీదే దీపాలు, దీపాల చుట్టూ నూనె. యాభైమంది చుట్టాలూ స్నేహితులూ. వాళ్ళ పిల్లలు. బయటినుంచి తెప్పించిన పులిహోర. ఆ సాయంత్రానికి నేలంతా నూనె, పసుపు, పానకం. కొత్తగా పూత వేసిన నేలకి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. నీళ్ళతో కలిపిన పూత పైకి రెండు మూడు గంటల్లో ఆరినట్టే కనిపిస్తుంది. లోపల గట్టిపడటానికి వారం పడుతుంది. నూనె రకమైతే నెల. ఆ లోగా నిండా తడిసినా, జిడ్డు నిలిచినా, చాపలు పరిచినా మచ్చ అందులోనే ఉండిపోతుంది.

అదే తతంగం పాత నేల మీద చేశారనుకోండి, ఏమైనా పడనివ్వండి. పసుపు పడిందా, పడనీ. ఆ తరవాత ఎలాగూ మిషను వచ్చి పైపొర తీసేస్తుంది. పూత ఊడి బట్టబయలైన చెక్క ఉన్న చోట మాత్రం నూనె లోతుగా ఇంకకుండా ఒక ప్లాస్టిక్ పట్టా వేసి దాని మీద కూర్చోండి. పెద్దవాళ్ళు అంటారు, పాలు పొంగించిన ఇంటికి వెంటనే తాళం వేయకూడదని. వేయకండి. ఆ రాత్రి నిద్రేదో పాత నేల మీదే చేయండి, చాపలు వేసుకుని, పిల్లలకి అదో పండగ. మీ అపార్ట్‌మెంట్ లీజు నెలాఖరు దాకా ఉండేలా చూసుకుంటే సామాను అక్కడే ఉంటుంది, ఇక్కడ ఖాళీ ఇంట్లో పని హాయిగా జరుగుతుంది. నేను అడిగిన పంతులుగారెవరూ దీనికి అడ్డు చెప్పలేదు. ఒక్కటి మాత్రం పట్టుబట్టి చెప్తాను. పూత వేసే రోజుల్లో దేవుడి మూల దీపం వెలిగించడానికి వెళ్ళకండి. నూనె పూతల ఆవిరికి నిప్పు తగలకూడదు. బేస్‌మెంట్‌లో గ్యాసు వాటర్ హీటరుకి చిన్న మంట ఎప్పుడూ వెలుగుతుంటే దాన్నీ ఆర్పించండి.

ఇక రుద్దడం. దీన్ని మీరే చేసుకోవచ్చా అని అడుగుతారు. హోమ్ డిపోలో మిషన్లు అద్దెకిస్తారు, వీడియోలు చూస్తే ఎవరికైనా ఉత్సాహం వస్తుంది. నా మాట వినేవాళ్ళైతే డ్రమ్ శాండరు జోలికి వెళ్ళకండి. దాని డ్రమ్ము తిరుగుతున్నప్పుడు మిషను కదులుతూనే ఉండాలి. ఒక్క క్షణం ఒకచోట ఆగినా అక్కడ దోనెలా గుంట పడుతుంది, దాన్ని సరిచేయాలంటే గదంతా ఆ లోతుకి దింపాలి. నడక మొదలుపెట్టాకే డ్రమ్ము దించాలి, గోడ దగ్గర ఆగకముందే ఎత్తాలి. చెక్క గీతల వెంబడే పోవాలి. వంద పౌన్ల పైన బరువు, మేడ మీదికి ఎక్కించడమే ఒక యజ్ఞం. మీరే చేసి తీరాలనుకుంటే ఆర్బిటల్ మిషను తీసుకోండి. మెల్లగా అరగదీస్తుంది, ఎక్కువసేపు పడుతుంది, కానీ గుంటలు చేయదు. లేదా రుద్దడం వరకు పనివాళ్ళకి ఇచ్చి పూత మీరు వేసుకోండి. నన్నడిగితే అన్నిటికన్నా తెలివైన బేరం అదే.

ఎవరు చేసినా వరస ఒకటే. ముందు నేలలో తేలిన మేకులన్నీ సుత్తితో లోపలికి దించాలి. మిషను కింద మేకు తగిలితే కాగితం చిరగడంతో పోదు, నిప్పురవ్వ లేస్తుంది, పక్కనే సంచీ నిండా చెక్కపొట్టు. ఆ తరవాత ముతక ఉప్పు కాగితంతో మొదలుపెట్టి, 36, 60, 80, 100 నంబర్లలో మెల్లగా నున్నటి వైపు వెళ్ళాలి. తొందరలో ఒక నంబరు దాటేశారనుకోండి, ముతక కాగితం గీతలు అప్పుడు కనిపించవు. పూత పడగానే కిటికీ వెలుతురులో పచ్చబొట్టంత స్పష్టంగా తేలతాయి. గోడల వెంబడి చిన్న మిషను, మూలల్లో చేత్తో గీకే బ్లేడు. పనివాళ్ళు వెళ్ళేముందు ఏటవాలుగా టార్చి వేసి చూసుకోండి, సిగ్గుపడకండి, డబ్బు మీది.

ఇల్లు 1978 కంటే ముందుదైతే ఇంకో సంగతి. ఇళ్ళ రంగుల్లో సీసం వాడకాన్ని అమెరికాలో ఆ ఏడే నిషేధించారు. అంతకుముందు ఇళ్ళల్లో గోడల అంచు పట్టీల రంగుల్లో, కొన్ని పాత వార్నిష్‌లలో సీసం ఉండొచ్చు. దాన్ని రుద్దితే ధూళిలో కలిసి పిల్లల ఒంట్లోకి వెళ్తుంది. పరీక్ష చేయించకుండా మిషను ఆన్ చేయనివ్వకండి. గర్భిణులు, పసిపిల్లలు ఆ రోజుల్లో ఆ గడప తొక్కనే వద్దు. కార్పెట్ కింద చెక్క బదులు తొమ్మిది అంగుళాల పాత పలకలు, నల్లటి తారు జిగురు కనిపిస్తే అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. దాన్ని గీకనే గీకకండి, ఆ పని తెలిసినవాళ్ళని పిలవండి.

సరే, పూత. దుకాణంలో డబ్బాలు చూస్తే తల తిరుగుతుంది కానీ అసలు ఎంపిక మూడింటి మధ్యే.

నూనె పాలియురిథేన్ పాతకాలపు పెద్దకోడలు. ఓక్‌కి తేనె రంగు ఇస్తుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకా పసుపెక్కుతుంది. తాపీగా ఆరుతుంది, కోటుకీ కోటుకీ ఒక రోజు. రెండు మూడు కోట్లు. వాసన భరించలేం, ఇల్లు ఖాళీ చేసి వెళ్ళాల్సిందే. నీళ్ళతో కలిపిన రకం డబ్బాలో పాలలా తెల్లగా ఉంటుంది, ఆరాక అద్దంలా నిర్మలంగా ఉంటుంది. రంగు మారదు, వాసన తక్కువ, రెండు మూడు గంటలకో కోటు వేసుకోవచ్చు, మూడు కోట్లు వేస్తేనే బలం. డబ్బులు ఎక్కువ. గట్టిపరిచే ద్రావకం విడిగా కలిపే రెండు డబ్బాల రకం ఇంకా గట్టిది, స్కూళ్ళల్లో దుకాణాల్లో వేసేది. ఎర్ర ఓక్ మీద ఈ నీళ్ళ పూత కాస్త గులాబీ ఛాయలో కనిపిస్తుంది, అది నచ్చుతుందో లేదో ఒక మూల వేసి చూసుకోండి. మూడోది నూనె-మైనం కలిసిన రకం. ఐరోపా నుంచి వచ్చింది. చెక్కలోకి ఇంకి, పైన పొర కట్టదు, ముట్టుకుంటే చెక్కనే ముట్టుకున్నట్టుంటుంది. ఎక్కడైనా గీత పడితే అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. కానీ వేడి సాంబారు ఒలికితే వెంటనే తుడవాలి, అప్పుడప్పుడు నూనె రాస్తూ ఉండాలి.

నా ఓటు నీళ్ళ పూతకి. మనిళ్ళల్లో అత్తగారో అమ్మో వచ్చి ఆరు నెలలు ఉంటారు, చంటిపిల్లలుంటారు. ఆ వాసనలో వాళ్ళని ఉంచలేం, మోటెళ్ళలో వారాలు ఉంచలేం. తేనె రంగు మీద మోజు ఉన్నవాళ్ళకి అడుగున రంగు కోటు వేసి పైన నీళ్ళ పూత వేసే దారి ఉంది. మెరుపు విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి. పెళ్ళి మండపంలా తళతళలాడే గ్లాసీ రకం డబ్బాలో బాగుంటుంది, ఇంట్లో ప్రతి గీతా ప్రతి దుమ్ముకణం చూపిస్తుంది. మెరుపు తక్కువుండే శాటిన్ తీసుకోండి.

పూత వేయడంలో కళ ఏమీ లేదు, ఓపికే. రుద్దిన ధూళిని వాక్యూమ్‌తో రెండుసార్లు లాగి, తడి పిండేసిన మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. కిటికీ అంచులూ తలుపుల పైభాగాలూ కూడా, లేకపోతే అక్కడి దుమ్ము రాత్రికి దిగి పూత మీద ఇసుకలా పడుకుంటుంది. డబ్బాని ఊపకండి, కర్రతో నిదానంగా కలపండి. ఊపితే నురగ వస్తుంది, ఆ బుడగలు నేల మీద ఆరిపోతాయి. కలపకుండా వదిలేసినా తప్పే, మెరుపు తగ్గించే పొడి అడుగున పేరుకుని మొదటి గది ఒకలా చివరి గది ఒకలా తేలుతుంది. గాలన్ డబ్బా ఒక కోటుకి దాదాపు 500 చదరపు అడుగులు వస్తుంది.

ఎటునుంచి మొదలుపెట్టాలంటారా? మా అమ్మమ్మ మట్టి నేలని పేడతో అలికేటప్పుడు లోపలి గోడ దగ్గర గొంతుక్కూర్చుని, చేతిని అర్ధచంద్రంలా తిప్పుతూ, వెనక్కి వెనక్కి గుమ్మం వైపు జరిగేది. ముందు అలికినది ఆరకముందే పక్కది దానిలో కలిసేది, అతుకు కనపడేది కాదు. ఇదీ అంతే. గదిలో దూరపు మూల మొదలుపెట్టి, చెక్క గీతల వెంబడి, తడి అంచు ఆరకుండా దాన్ని కలుపుకుంటూ గుమ్మంలోకి వచ్చి తేలాలి. ఆరుతున్న చోట మళ్ళీ బ్రష్ పెట్టకండి, వెంట్రుక కనిపించినా సరే. కోటు ఆరాక 220 నంబరు కాగితంతో పైపైన రుద్ది తీసేయొచ్చు. ఫ్యాన్లు నేరుగా నేల మీదికి తిప్పకండి.

కోట్ల మధ్య రుద్దడానికి కొందరు ఇనుప పీచు వాడతారు. ఓక్ మీద నీళ్ళ పూత వేసేటప్పుడు అది విషమే. ఓక్‌లో ట్యానిన్ ఉంటుంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళు గుడ్డని కరక్కాయలో ముంచి ఆరబెట్టి, బెల్లం నీళ్ళలో ఇనప తుక్కు పులియబెట్టిన ద్రవంతో కలం పట్టి గీస్తారు చూశారా, గీసిన చోటల్లా నల్లగా తేలుతుంది. కరక్కాయలోని ట్యానిన్, ఇనుము కలిస్తే వచ్చే నలుపు అది. ఇనుప పీచు ముక్క ఒక్కటి తడిలో మిగిలితే ఓక్ మీదా అదే నలుపు, అదే చావని రంగు. చలికాలం తులసి కుండీని ఇంట్లోకి తెచ్చి దక్షిణపు కిటికీ దగ్గర పెడతాం కదా, వసంతంలో తీసి చూస్తే కింద నల్లటి గుండ్రం. అందులోనూ ఈ రసాయనమే ఉంది. కొత్త పూత వేసేముందైతే బోసి చెక్క మీద ఆక్సాలిక్ ఆమ్లం నీళ్ళలో కలిపి రాసి చాలావరకు పోగొట్టొచ్చు. విషం అది, చేతి తొడుగులు, మాస్కు ఉండాలి, తరవాత బాగా కడిగి ఆరబెట్టాలి. పూత అయ్యాక అయితే తులసమ్మ కింద లోతైన పళ్ళెం, పళ్ళెం కింద పీట.

ఇప్పుడు చెప్పేది నవ్వుతూ వినేది కాదు. నూనె పూత తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి. అవిసె నూనె లాంటి ఆరే నూనెలు గాలిలోని ఆక్సిజన్‌తో కలుస్తూ వేడి పుట్టిస్తాయి. ఉండలో ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల లేకుండానే మంట రేగుతుంది. ఫిలడెల్ఫియాలో వన్ మెరిడియన్ ప్లాజా అని 38 అంతస్తుల భవనం ఉండేది. 1991 ఫిబ్రవరి 23 రాత్రి, చెక్క పలకలకి పాలిష్ చేసిన పనివాళ్ళు వదిలేసి వెళ్ళిన అవిసె నూనె గుడ్డల్లోంచి 22వ అంతస్తులో నిప్పు పుట్టింది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. పైకి పాకుతూ పోయిన మంటని ఆపింది 30వ అంతస్తులో పైకప్పుకి ఉన్న నీటిజల్లు గొట్టాలే. ఆ భవనాన్ని చివరికి కూల్చేశారు. గుడ్డల్ని ఆరుబయట ఒక్కొక్కటీ విడదీసి ఆరేయండి, లేదా నీళ్ళు నింపిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. పాత పూత రుద్దిన మిషను సంచీలోని పొట్టు కూడా అంతే, రాత్రికి ఇంట్లోనూ గరాజ్‌లోనూ ఉంచకండి. పనివాళ్ళు సాయంత్రం వెళ్ళేటప్పుడు ఈ రెండూ ఎక్కడ పెట్టారో అడిగి, కళ్ళతో చూశాకే తలుపు వేసుకోండి.

పూత అయ్యాక మేజోళ్ళతో ఒక రోజు తరవాత నడవొచ్చు. మంచాలు, సోఫాలు రెండు మూడు రోజులాగాక, ఎత్తి పెట్టండి, లాగొద్దు. చాపలు, రగ్గులు నీళ్ళ పూతకి కనీసం వారం, నూనె పూతకి నెల ఆగాకే. కుర్చీ కాళ్ళకీ పీటల కాళ్ళకీ ఫెల్టు ముక్కలు అతికించండి. అందులో ఇసుక చేరితే అవే ఉప్పు కాగితమవుతాయి, అప్పుడప్పుడు మార్చండి.

ఇక శుభ్రం చేయడం. ఇక్కడే మన అలవాటు మార్చుకోవాలి. బకెట్టు నీళ్ళు వద్దు, ఆవిరి మాప్ వద్దు, వెనిగర్ చుక్క వద్దు. మెరుపు తెప్పిస్తామనే సీసాలు అస్సలొద్దు. వాటి జిడ్డు మీద రేపు కొత్త కోటు వేయిస్తే చేపకన్నుల్లా గుంటలు పడి పూత పట్టుకోదు. పోపు ఆవిరి దిగే స్టవ్వు ముందు నేలని కోటుకి ముందు జిడ్డు పోయేలా తుడిపించమని నేను మరీ మరీ చెప్పేదీ అందుకే. రోజూ మెత్తటి చీపురు, వారానికోసారి దాదాపు ఆరిన మైక్రోఫైబర్ మాప్, అంతే. పసుపు ఒలికితే కంగారుపడకండి, వెంటనే తుడవండి, మిగిలిన మరక ఎండ తగిలితే కొన్నాళ్ళకి వెలిసిపోతుంది. చలికాలం హీటరు వేడికి పలకల మధ్య సందులు కనిపిస్తే పూత చెడిపోయిందనుకోకండి. చెక్క ముడుచుకుంది, వేసవి తేమకి మళ్ళీ నిండుతుంది. గాలిలో తేమ 35 నుంచి 55 శాతం మధ్య ఉంచితే దానికీ మీకూ సుఖం.

ఐదారేళ్ళకి మళ్ళీ ఆ నీటిచుక్క వేసి చూసుకుంటూ ఉండండి, పూత పూర్తిగా అరగకముందే పైకోటు వేయిస్తే పెద్ద మిషను అవసరం మీ తరంలో రాకపోవచ్చు. మిగిలిన డబ్బా మీద ఏ గదికి వేశారు, ఏ రకం, శాటినా గ్లాసీనా, ఏ నెల, ఏ సంవత్సరం అని మార్కరుతో రాసి, ఫోనులో ఫోటో తీసి ఉంచుకోండి. నీళ్ళ పూతని గరాజ్‌లో పెట్టకండి, చలికి గడ్డకడితే పనికిరాదు. రేపు పైకోటు వేయడానికి వచ్చే మనిషి గుమ్మంలో అడిగే మొదటి ప్రశ్న "ఇప్పుడు దీని మీద ఏముందండీ?" అనే.